వార్ధక్యము - నివాసము - ఆరోగ్యము

ఒక ఊరిలో అరవై ఏండ్లు దాటినవారి జాబితా తయారు చేశామనుకొందాం. ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా వారు ఎవరితో కలిసి ఉంటున్నారో ఒక వరుసలోను, వారి ఆరోగ్యం ఎట్లా ఉన్నదో మరొక వరుసలోను వ్రాసుకొన్నామనుకొందాం. ఈ రెండు వరుసలకూ ఏదో సంబంధం ఉన్నట్లు త్వరలోనే తోస్తుంది. కాని సంబంధం ఉన్నదనడం వేరు, దానిలో ఏది కారణమో, ఏది కార్యమో తేల్చడం వేరు. ఒంటరిగా ఉండడం వలన ఒకరి ఆరోగ్యం చెడిందా? లేక ఆరోగ్యం చెడినందువలన మరొకరు ఆశ్రమానికి చేరవలసి వచ్చిందా? విత్తు ముందా, చెట్టు ముందా అన్న ప్రశ్న వంటిదే ఇది.

ఈ చిక్కును విప్పడానికి వైద్యులు, సంఖ్యాశాస్త్రజ్ఞులు, సమాజశాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా శ్రమించారు. ఆ శ్రమలో ముఖ్యమైన భాగం ఇంగ్లండులో జరిగింది. పరిశ్రమలు పెరిగి, పిల్లలు పనుల కోసం దూరపు పట్టణాలకు పోయి, ముసలివారి సంఖ్య ఎక్కువై, వారి ఆలనాపాలనా ఎవరిదన్న ప్రశ్న ఆ దేశానికి మనకంటె ముందుగా ఎదురైంది. ఇప్పుడు ఆ ప్రశ్న మన గుమ్మంలోకి వచ్చింది. కాబట్టి వారు చేసిన పొరపాట్లను, కనుగొన్న సత్యాలను తెలుసుకోవడం మనకు ఎంతో అవసరం.

వర్క్‌హౌస్‌లు

1834లో ఇంగ్లండులో పేదల పోషణకు ఒక కొత్త చట్టం వచ్చింది. బీదవాడు సహాయం కావాలంటే వర్క్‌హౌస్ అనే భవనంలో చేరాలి. లోపలి బ్రతుకు, బయట కూలి చేసుకొనే అతి పేదవాని బ్రతుకుకంటె హీనంగా ఉండాలన్నది ఆ చట్టం వెనుక ఉన్న సూత్రం. అట్లా ఉంటే సోమరులు లోపలికి రారని, పన్ను కట్టేవారికి భారం తగ్గుతుందని చట్టం చేసినవారి ఆలోచన.

ఈ సూత్రం ఒంట్లో సత్తువ ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని చేసినది. కాని కాలం గడిచేకొద్దీ ఆ భవనాలను నింపినవారు సోమరులు కారు. ముసలివారు, రోగులు, దిక్కులేని పిల్లలు. లోపల ఆడవారిని, మగవారిని విడివిడిగా ఉంచేవారు. నలభై ఏండ్లు కాపురం చేసిన దంపతులు కూడ గుమ్మం దాటగానే విడిపోవలసిందే. అరవై ఏండ్లు దాటిన దంపతులు కోరితే ఒకే గది ఇవ్వవచ్చునని 1847లో చట్టం కొంత సడలించారు. అయితే ఆచరణలో ఆ సౌకర్యం కొద్దిమందికే దక్కింది.

1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. 1909 జనవరి 1 నుండి, డెబ్బది ఏండ్లు దాటిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల వరకు ఇవ్వసాగారు. ఆ కొద్ది డబ్బుతోనే ఎందరో ముసలివారు తమ ఇంట్లోనే, లేదా పిల్లల ఇంట్లో ఒకరికి భారం కాకుండ ఉండగలిగారు. ఇది గమనింపదగిన విషయం. మనిషి ఎక్కడ నివసిస్తాడన్నది కేవలం మమతను బట్టి తేలేది కాదు. చేతిలోని పైకాన్ని బట్టి కూడ తేలుతుంది.

అయినప్పటికీ జబ్బుపడి, ఇంట్లో చూచుకొనే మనిషి లేనివారికి మాత్రం వర్క్‌హౌస్‌ను అంటిపెట్టుకొని ఉన్న రోగుల వార్డులే గతి. 1929లో చేసిన చట్టం ద్వారా, మరుసటి సంవత్సరం నుండి ఈ సంస్థలు జిల్లా, పట్టణ పాలక మండళ్ళ చేతికి వచ్చాయి. పేరు మారింది, యాజమాన్యం మారింది; మంచాల మీది మనుష్యులు మాత్రం మారలేదు.

"ముసలితనమే రోగం"

ఆ రోజులలో వైద్యులలో ఒక గట్టి నమ్మకం ఉండేది. ముసలివారికి ఏమి వచ్చినా దానికి కారణం ముసలితనమే, కాబట్టి చేయగలిగినది ఏమీ లేదని. వియన్నాలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన ఇగ్నట్జ్ నాషర్ అనే వైద్యుడు విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక అనాథాశ్రమంలో ఈ మాటే విన్నాడు. ఒక ముసలమ్మ తన బాధ చెప్పుకోగా, ఆమెకు ఉన్న జబ్బు వార్ధక్యమేనని, చేయదగినది ఏమీ లేదని గురువు చెప్పాడట. శిశువులకు ప్రత్యేక వైద్యశాస్త్రం ఉన్నట్లే వృద్ధులకూ ఒకటి ఉండాలని నాషర్ వాదించి, 1909లో దానికి జెరియాట్రిక్స్ అని పేరు పెట్టాడు. మన భాషలో దానిని వృద్ధ వైద్యశాస్త్రం అనవచ్చు. 1914లో అదే పేరుతో ఒక గ్రంథం కూడ వెలువరించాడు. పేరు పుట్టింది గాని, ఆ శాస్త్రం ఆస్పత్రి వార్డులోకి అడుగుపెట్టడానికి మరో ఇరవై ఏండ్లు పట్టింది.

డాక్టర్ మార్జరీ వారెన్

లండన్ పశ్చిమ భాగంలోని ఐల్‌వర్త్‌లో వెస్ట్ మిడిల్సెక్స్ ఆస్పత్రి ఉన్నది. 1935లో, దాని పక్కనే ఉన్న పాత వర్క్‌హౌస్‌ను ఆ ఆస్పత్రిలో కలిపారు. ఆ బాధ్యత ఆస్పత్రిలో ఉపాధికారిణిగా ఉన్న డాక్టర్ మార్జరీ వారెన్ మీద పడింది. ఆమె 1897లో జన్మించారు. అప్పటివరకు ఆమెకు శస్త్రచికిత్సలో ఎక్కువ ఆసక్తి. వృద్ధుల వైద్యం ఆమె కోరి ఎంచుకొన్నది కాదు. వచ్చి మీద పడినది.

ఆమెకు అప్పగించిన భవనాలలో 874 మంది ఉన్నారు. వారిలో 16 మంది పురిటికి వచ్చిన స్త్రీలు. 144 మంది మానసిక రోగులుగా పరిశీలనలో ఉన్నవారు, మూర్ఛరోగులు. మిగిలిన 714 మందికి దీర్ఘరోగులు అన్న ఒకే ఒక ముద్ర. వీరిలో చాలామంది ఏండ్ల తరబడి మంచం దిగలేదు. వారి జబ్బు ఏమిటో తేల్చిన వైద్యుడు లేడు. తెలివి చక్కగా ఉన్నవారు, మతి భ్రమించినవారు, పక్షవాతం వచ్చినవారు, కేవలం ఇల్లు లేక వచ్చినవారు అందరూ ఒకే వార్డులో పడి ఉండేవారు.

ఆమె చేసిన మొదటి పని చాలా సామాన్యమైనది. ఒక్కొక్క రోగినీ విడిగా, తల నుండి పాదం వరకు పరీక్షించారు. పరీక్షించిన తరువాత వారిని వర్గాలుగా విభజించారు. లేచి తిరగగలవారు ఒక వర్గం. మంచం మీద ఉన్నా మలమూత్రాలపై అదుపు ఉన్నవారు ఒక వర్గం. అదుపు తప్పినవారు ఒక వర్గం. మతిమరుపు ఉన్నా నెమ్మదిగా ఉండేవారు ఒక వర్గం. ఇతరులకు ఇబ్బంది కలిగేటంతగా మతి చెడినవారు ఒక వర్గం. చెట్లను వర్గీకరించకుండ వృక్షశాస్త్రం ఎట్లా సాధ్యం కాదో, రోగులను వర్గీకరించకుండ చికిత్స కూడ అట్లే సాధ్యం కాదు.

తరువాత ఆమె దృష్టి వారు ఉంటున్న చోటు మీదికి మళ్ళింది. మసక గోడలకు లేత రంగులు వేయించారు. దీపాలు బాగు చేయించారు. పట్టుకొని నడవడానికి వీలుగా చేతిపట్టీలు అమర్చారు. ముసలివారు దిగడానికీ ఎక్కడానికీ అనువైన మంచాలు, కుర్చీలు తెప్పించారు. పగటిపూట మంచం దిగి, రాత్రి దుస్తులు విడిచి, మామూలు బట్టలు, కాలికి సరిపోయే చెప్పులు తొడుక్కొని కూర్చోవడం నేర్పారు. వ్యాయామం చేయించేవారిని, చేతిపని నేర్పేవారిని, ఇంటి పరిస్థితులు విచారించి వచ్చేవారిని వైద్యునితో, నర్సులతో కలిపి ఒక జట్టుగా పని చేయించారు.

ఫలితం ఎట్లా ఉన్నది? మంచానికే అంకితమనుకొన్న వారిలో అనేకులు లేచి నడిచారు. కొందరు ఇంటికి వెళ్ళారు. కొందరు వృద్ధుల వసతి గృహాలకు వెళ్ళారు. దీర్ఘరోగుల మంచాలు 714 నుండి సుమారు 240కి తగ్గాయి. మిగిలిన మంచాలు ఇతర రోగులకు ఉపయోగపడ్డాయి. 1943లోను, 1946లోను ఆమె ప్రసిద్ధ వైద్య పత్రికలలో ఈ అనుభవాన్ని వ్యాసాలుగా ప్రకటించారు. వృద్ధ రోగులకు పెద్ద ఆస్పత్రిలోనే ప్రత్యేక విభాగం ఉండాలని, సరిగా పరీక్షించి చికిత్స చేయనిదే ఎవరినీ శాశ్వతంగా ఆశ్రమాలకు పంపరాదని ఆమె వాదన. 1948లో బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడిన తరువాత ఈ వాదన క్రమంగా ఆచరణలోకి వచ్చింది. 1960లో ఒక సమావేశానికి ప్రయాణమై పోతూ, కారు ప్రమాదానికి గురై ఆమె మరణించారు.

ఆ 714 మందిలో ఎందరికో ముసలితనం వలన కదలిక పోలేదు; కదలనీయని చోట ఉంచడం వలన పోయింది. ఇక్కడ నివాసం కారణం, అనారోగ్యం కార్యం.

మంచం చేసే కీడు

మంచం మీద ఊరక పడుకోవడం వలన శరీరానికి ఏమవుతుంది? ఉపాధ్యాయులు తరగతిలో వివరించడానికి ఇది మంచి పాఠం.

మన కండరాలు వాడుకలో ఉన్నంతవరకే నిలుస్తాయి. ముఖ్యంగా తొడల కండరాలు శరీరభారాన్ని మోస్తూ ఉండాలి. ఆ పని తప్పితే అవి సన్నబడతాయి. ఎముకలపై బరువు పడకపోతే వాటిలోని కాల్సియం రక్తంలోకి, అక్కడనుండి మూత్రంలోకి పోతుంది. మోకాళ్ళు ముడుచుకొని పడుకొన్నవారికి కీళ్ళు ఆ వంపులోనే బిగుసుకుపోతాయి. ఎప్పుడూ ఒకే చోట ఒత్తిడి పడితే ఆ భాగానికి రక్తం అందక పడకపుండ్లు లేస్తాయి. ఊపిరితిత్తుల అడుగున కఫం చేరుతుంది. కాళ్ళలో రక్తం నెమ్మదించి గడ్డకట్టవచ్చు. రిచర్డ్ ఆషర్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1947లో పడక వలన కలిగే అపాయాలను వర్ణిస్తూ వ్రాసిన చిన్న వ్యాసం నేటికీ వైద్యులు చదువుతూ ఉంటారు.

2007లో అమెరికాలో ప్రకటించిన ఒక ప్రయోగంలో, ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వృద్ధులను పది రోజులు మంచం మీదనే ఉంచారు. ఆ పది రోజులలో వారి కాళ్ళలోని కొవ్వు కాని కణజాలం, అనగా ముఖ్యంగా కండ, సగటున సుమారు ఒక కిలో తగ్గింది. యువకునికి కండబలంలో మిగులు చాల ఉంటుంది. కొంత పోయినా కుర్చీలోనుండి లేవగలడు. ముసలివారికి ఆ మిగులు తక్కువ. లేవడానికి కావలసిన కనీస బలానికి కొంచెం పైననే వారి బలం ఉంటుంది. పది రోజులలో ఆ గీత దాటి కిందికి దిగితే, మరి చేయి అందించే మనిషి లేకుండ వారు లేవలేరు. లేవలేదు కాబట్టి మంచం మీదనే ఉంచుతారు. మంచం మీద ఉన్నందువలన ఇంకా బలం తగ్గుతుంది. ఈ వలయాన్ని తెంచినవారు వారెన్.

ఇంటింటికీ వెళ్ళిన షెల్డన్

ఆస్పత్రిలోని వైద్యుడు చూచేది ఆస్పత్రికి వచ్చినవారిని మాత్రమే. వారిని చూచి ముసలివారందరూ ఇట్లే ఉంటారనుకోవడం, ఎండిన బావిని చూచి ఊరంతటా నీళ్ళు లేవనుకోవడం వంటిది. ఈ లోపాన్ని సవరించిన వ్యక్తి వుల్వర్‌హాంప్టన్ పట్టణపు వైద్యుడు జోసెఫ్ షెల్డన్.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులో ప్రతి మనిషికీ రేషను పుస్తకం ఉండేది. షెల్డన్ ఆ రేషను పట్టికలనుండి, చీటీలు తీసినట్లు పక్షపాతం లేకుండ పేర్లు ఎన్నుకొని, పింఛను వయస్సు దాటిన 477 మందిని వారి ఇళ్ళలోనే పరిశీలించాడు. ఆ ఫలితాలను 1948లో గ్రంథంగా ప్రచురించాడు. ముసలివారి ఆరోగ్యాన్ని, వారి ఇంటినీ కలిపి శాస్త్రీయంగా చూచిన తొలి పరిశోధనలలో ఇది ఒకటి.

పట్టణజీవితంలో కుటుంబం చెదిరిపోయిందని అప్పటికి అందరూ అనుకొంటున్నారు. షెల్డన్ చూచింది వేరు. పిల్లలు వేరింట కాపురం ఉన్నా, చాలామంది ముసలివారికి వారు దగ్గరలోనే ఉన్నారు. ఈ దగ్గర అనే మాటను కొలవడానికి ఆయన ఒక చక్కని కొలబద్ద ఎంచుకొన్నాడు. ఒక ఇంట్లో వండిన వేడి భోజనం, మళ్ళీ కాచనక్కరలేకుండ, మరొక ఇంటికి చేర్చగల దూరం ఎంతో అంత దగ్గర. గజాలలో, మైళ్ళలో కొలవడం కంటె ఈ కొలత అర్థవంతమైనది. ఒకే కప్పు కింద ఉండి పలకరించని కుటుంబం కంటె, రెండు వీధుల అవతలనుండి రోజూ అన్నం తెచ్చే కూతురు దగ్గర కాదా?

షెల్డన్ మరొక సంగతి కూడ దాచలేదు. జబ్బుపడిన ముసలివారిని చూచుకొనేది ఎక్కువగా భార్యలు, కూతుళ్ళు. వారిలో కొందరు తామే వయస్సు మళ్ళినవారు. రాత్రింబగళ్ళు చేసే ఆ చాకిరికి వారి ఆరోగ్యమూ దెబ్బతింటున్నది. ఒకరి నివాసం మరొకరి ఆరోగ్యంతో ముడిపడి ఉన్నదన్నమాట. ఇక ఒంటరితనం విషయానికి వస్తే, తాము ఒంటరులమని బాధపడినవారు సుమారు అయిదవ వంతు మాత్రమే. ఒంటిగా కాపురం ఉన్నవారందరూ ఒంటరితనంతో బాధపడలేదు. బాధపడినవారిలో భర్తనో, భార్యనో పోగొట్టుకొన్నవారు ఎక్కువ.

టౌన్సెండ్ ప్రశ్న

పీటర్ టౌన్సెండ్ అనే యువ సమాజశాస్త్రజ్ఞుడు 1950ల మధ్యలో తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ అనే కార్మికుల పేటలో 203 మంది వృద్ధులను కలిసి మాట్లాడాడు. 1957లో ఆ గ్రంథం వెలువడింది. అక్కడ కూడ షెల్డన్ చూచినదే కనిపించింది. అవ్వ ఇంటి చుట్టూ కూతుళ్ళ ఇళ్ళు. పిల్లలను అవ్వ దగ్గర వదలి కూతుళ్ళు పనికి పోవడం. అవ్వకు జబ్బు చేస్తే కూతుళ్ళు వంతులవారీగా రావడం. ముసలివారు సహాయం పుచ్చుకొనేవారు మాత్రమే కారు, సహాయం చేసేవారు కూడ.

మరి ఆశ్రమాలకు పోయేవారు ఎవరు? టౌన్సెండ్ లెక్క చూడగా, అక్కడ పెళ్ళి కానివారు, సంతానం లేనివారు, కూతుళ్ళు లేనివారు తమ సంఖ్యకు మించి కనిపించారు. అంటే రోగం ఒక్కటే మనిషిని ఆశ్రమానికి పంపదు. అదే రోగం ఉన్న ఇద్దరిలో, చూచుకొనే మనిషి ఉన్నవాడు ఇంట్లో ఉంటాడు. లేనివాడు ఆశ్రమంలో ఉంటాడు.

తరువాత 1958-59లలో ఆయన ఇంగ్లండు, వేల్సులలోని 173 వృద్ధాశ్రమాలను స్వయంగా చూచి, 1962లో మరొక పెద్ద గ్రంథం వ్రాశాడు. 1948 చట్టం ప్రకారం వర్క్‌హౌస్‌ల కాలం ముగిసింది. వాటి స్థానంలో చిన్న చిన్న గృహాలు రావాలి. కాని పాత వర్క్‌హౌస్ భవనాలు ఇంకా పెద్ద సంఖ్యలో వాడుకలో ఉన్నట్లు ఆయన చూపాడు. గోడల వెంట వరుసగా కుర్చీలు, వాటిలో మౌనంగా కూర్చొన్న ముసలివారు. తిండి ఉన్నది, పక్క ఉన్నది. చేయడానికి పని లేదు, చెప్పుకోవడానికి మనిషి లేడు. వారిలో చాలామంది తగిన సహాయం దొరికితే తమ ఇంట్లోనే ఉండగలవారు. ఈ గ్రంథం చదివిన తరువాత అక్కడ వృద్ధాశ్రమాల గురించిన ఆలోచనే మారిపోయింది.

కారణమా? కార్యమా?

ఇప్పుడు మొదటి చిక్కుకు తిరిగి వద్దాం. 1858లోనే ఇంగ్లండు సంఖ్యాశాస్త్రజ్ఞుడు విలియం ఫార్, ఫ్రాన్సు దేశపు లెక్కలు తీసుకొని, వివాహితులలో కంటె అవివాహితులలోను, భర్తను గాని భార్యను గాని కోల్పోయినవారిలోను మరణాలు ఎక్కువని చూపాడు. దీనికి వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది. ఆరోగ్యవంతులకే పెళ్ళిళ్ళు అవుతాయేమో! అప్పుడు వివాహం ఆరోగ్యానికి కారణం కాదు. ఆరోగ్యమే వివాహానికి కారణం. శాస్త్రజ్ఞులు దీనిని ఎంపిక దోషం అంటారు.

ఈ దోషాన్ని తప్పించుకొనే మార్గం, ఒక్కరోజు ఛాయాచిత్రం వంటి లెక్కతో ఆగక, అదే మనుష్యులను కాలం వెంట అనుసరించడం. 1969లో ప్రకటించిన ఒక బ్రిటిష్ పరిశోధన ఇందుకు చక్కని ఉదాహరణ. భార్యను కోల్పోయిన 55 ఏండ్లు దాటిన 4,486 మంది పురుషులను తొమ్మిదేండ్లు అనుసరించారు. భార్య పోయిన మొదటి ఆరు నెలలలో వారి మరణాలు, అదే వయస్సు వివాహితుల మరణాలకంటె నూటికి నలభై వంతున ఎక్కువ. తరువాత ఆ తేడా క్రమంగా తగ్గింది. ఈ మనుష్యులందరూ ఒకప్పుడు వివాహితులే కాబట్టి, ఆరోగ్యం లేక పెళ్ళి కాలేదన్న వాదం వీరికి వర్తించదు. భార్యాభర్తలు ఒకే తిండి, ఒకే గాలి పంచుకొన్నవారు గనుక, ఆ తేడాలో కొంత భాగం అందువలన కావచ్చు. అయినా మొదటి ఆరు నెలలలో అంత పెరిగి తరువాత తగ్గడం చూస్తే, ఎడబాటుకే కొంత బలం ఉన్నదని ఒప్పుకోవలసి వస్తుంది.

1979లో అమెరికాలో లీసా బెర్క్‌మన్, లెనార్డ్ సైమ్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలోని అలమీడా జిల్లావాసుల వివరాలు ప్రకటించారు. వీరు 30 నుండి 69 ఏండ్ల వయస్సువారిని 1965 నుండి తొమ్మిదేండ్లు అనుసరించారు. సంసారం, బంధుమిత్రులు, సంఘాలు, మతసంస్థలు మొదలైన సంబంధాలు అతి తక్కువగా ఉన్నవారిలో మరణాలు, ఎక్కువగా ఉన్నవారికంటె రెండింతలకు పైగా ఉన్నాయి. పొగత్రాగుడు, మద్యం, మొదటి ఆరోగ్యస్థితి వంటి వాటిని లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడ సంబంధం నిలిచింది.

1995 జూలైలో చికాగో నగరంలో విపరీతమైన వేడిగాలి వీచి, మామూలుకంటె ఏడువందల మందికి పైగా అధికంగా మరణించారు. వారిలో వృద్ధులు ఎక్కువ. చనిపోయినవారిని, అదే పేటలలో బ్రతికినవారితో పోల్చి చూడగా, ఒంటరిగా నివసించేవారికి అపాయం రెండింతలకు పైగా ఉన్నట్లు తేలింది. అప్పటికే మంచం పట్టినవారికి, ఇల్లు కదలనివారికి ఇంకా ఎక్కువ. 2003 ఆగస్టులో ఫ్రాన్సులో ఇటువంటి వేడికే సుమారు 15,000 మంది ఆహుతి అయ్యారు. వారిలోను వృద్ధులే అధికం. ముసలివారికి దాహం తెలియడం, చెమట పట్టడం తగ్గుతాయి. ఒళ్ళు కాలుతున్నా తమకు తెలియదు. అటువంటప్పుడు తలుపు తట్టి, ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చే మనిషే మందు.

అయితే ఒంటరిగా ఉన్నవారందరూ రోగిష్టులని అనుకోరాదు. తమ పని తాము చేసుకోగల ఆరోగ్యవంతులే ఒంటిగా ఉండగలుగుతారు. చేతగానివారు పిల్లల దగ్గరకో, ఆశ్రమానికో చేరుతారు. కాబట్టి ఒక్కనాటి లెక్కలో ఒంటరులే ఆరోగ్యంగా కనిపించడం కూడ జరుగుతుంది. కారణం, కార్యం రెండు వైపులా నడుస్తూ ఉంటాయి. ఇంతకాలపు పరిశోధన తేల్చినది ఇదే.

మన దేశంలో

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏండ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షలు. అనగా నూటికి సుమారు తొమ్మిదిమంది. 2017-18లో వృద్ధుల మీద దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో, వీరిలో నూటికి సుమారు ఆరుగురు పూర్తిగా ఒంటరిగాను, సుమారు ఇరవైమంది భార్యాభర్తలు మాత్రమేగాను ఉంటున్నట్లు తేలింది. మిగిలినవారిలో అత్యధికులు పిల్లలతోనో, బంధువులతోనో ఉన్నారు. నూటికి ఆరుగురంటే చిన్న సంఖ్యగా తోస్తుంది. కాని పది కోట్లకు లెక్క వేస్తే అరవై లక్షల మంది!

తెలుగు జిల్లాలలో చదువుకొన్న పిల్లలు హైదరాబాదు, బెంగుళూరులకే గాక అమెరికా, ఆస్ట్రేలియాలకు కూడ పోతున్నారు. ఊళ్ళలో పెద్ద ఇళ్ళు, వాటిలో ఇద్దరేసి ముసలివారు. ఒకరు పోయిన తరువాత మిగిలినవారి సంగతే చిక్కు. మన దేశంలో భర్తలు సాధారణంగా వయస్సులో పెద్దవారు. స్త్రీల ఆయుర్దాయం కొంత ఎక్కువ. కాబట్టి మిగిలేవారు ఎక్కువగా స్త్రీలే.

కుటుంబంతో ఉన్నంతమాత్రాన అంతా క్షేమమేనని తృప్తిపడడం కూడ సరికాదు. తలుపు మూల గదిలో మంచం వేసి, వేళకు కంచం పెట్టి, "పెద్దతనం గదా" అని ఊరుకొంటే, ఆ గది వారెన్ చూచిన వార్డుకు ఏమి తీసిపోతుంది? ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు హైదరాబాదు ప్రాంతపు వృద్ధాశ్రమాలలో కంటిచూపును పరీక్షించగా, చూపు మందగించినవారిలో ఎక్కువమందికి కారణాలు శుక్లాలు, సరైన కళ్ళజోడు లేకపోవడమేనని తేలింది. రెండూ సరిదిద్దదగినవే. చూపు ఆనక తడబడి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఎముక విరిగితే మంచం. మంచం పట్టిన తరువాతి కథ పైన చదివాం. 1935లో ఐల్‌వర్త్‌లో నిజమైనది నేడు మన దగ్గర కూడ నిజమే. ముందు పరీక్ష, తరువాత నివాసం.

ఇంగ్లండులోని ఈ విద్య మద్రాసుకు చేరి, అక్కడి ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో 1978లో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ వృద్ధ వైద్యం ఆరంభించారు. 2007లో తలిదండ్రుల, వృద్ధుల పోషణకై కేంద్ర చట్టం వచ్చింది. పోషణ ఇవ్వని సంతానం నుండి భృతి ఇప్పించే అధికారం దీనివలన ట్రిబ్యునళ్ళకు కలిగింది. చట్టం డబ్బు ఇప్పించగలదు. అది తక్కువ మేలు కాదు. కాని తలుపు తట్టే మనిషిని చట్టం తేలేదు.

విద్యార్థులు చేయదగిన పని

ఈ చరిత్రనుండి మనం తెలుసుకోవలసినది ఏమిటి? ఇల్లు మంచిదా, ఆశ్రమం మంచిదా అని వాదించుకోవడం వలన లాభం లేదు. ఎక్కడ ఉన్నా మూడు ప్రశ్నలు అడగాలి. వారి జబ్బును ఎవరైనా సరిగా పరీక్షించారా? రోజూ మంచం దిగి నడవడానికి, ఏదో ఒక పని చేయడానికి వీలున్నదా? ఆపదవేళ పలకరించే మనిషి దగ్గరలో ఉన్నాడా? ఈ మూడింటికీ అవునన్న సమాధానం వచ్చిన చోటే వారికి తగిన నివాసం.

ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ వీధిలో షెల్డన్ వలె ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. వీధిలో అరవై దాటినవారు ఎందరు, వారు ఎవరితో ఉంటున్నారు, కళ్ళజోడు ఉన్నదా, గడచిన సంవత్సరంలో పడ్డారా అన్న సంగతులు, పేర్లు వ్రాయకుండ, వారి అనుమతితో సేకరించి, తరగతిలో పట్టిక వేయవచ్చు. ఎంపిక దోషం అంటే ఏమిటో ఆ పట్టిక మీదనే ఉపాధ్యాయులు బోధించవచ్చు. చివర ఒక్క ప్రశ్న మాత్రం మరవకుండ అడగాలి. ఈ ఇంటికి, పొయ్యి మీదనుండి దించిన అన్నం చల్లారకముందే తెచ్చి ఇవ్వగల మనిషి ఉన్నాడా? లేడన్న సమాధానం వచ్చిన ఇంటిని గుర్తు పెట్టుకొని, అప్పుడప్పుడు అక్కడికి వెళ్ళి వస్తూ ఉంటే, పట్టికలో నేర్చుకొన్న పాఠానికి ప్రయోజనం కలుగుతుంది.